చూడ్డానికి పోయిన ఊరు

మా వంశంలో ఊరు దాటినవాళ్ళు లేరని కాదు. మా తాత నాగార్జునసాగర్ కుడికాలవ తవ్వకానికి పోయాడు. మా పెద్దనాయన ఏటా మిరపకాయ కోతలకు గుంటూరు పక్క ఊళ్ళకు పోయేవాడు, పెద్దమ్మనీ పిల్లల్నీ వెంటేసుకుని. మా మేనత్త కువైట్‌లో పదకొండేళ్ళు ఎవరి పిల్లలకో నీళ్ళు పోసింది. మా చిన్నాయన హైదరాబాదులో అపార్టుమెంట్లకు కాంక్రీటు మోశాడు. ఇంతమంది ఇన్ని ఊళ్ళు తిరిగారు గానీ ఒక్కరూ ఏ ఊరినీ చూడలేదు. పనికి పోయినోళ్ళకు ఊరు కనపడదు, మేస్త్రీ కనపడతాడు. కువైట్ ఎట్టా ఉంటదత్తా అని మేనత్తని అడిగితే "వంటింటి కిటికీలోంచి ఒక గోడ కనపడేది" అని చెప్పింది. పదకొండేళ్ళు అదే గోడ.

అందుకే 2023 వేసవి సెలవుల్లో మేమిద్దరం వియత్నాం రాజధాని హనోయికి పోతున్నామని చెప్పినప్పుడు మాయమ్మ అడిగిన మొదటి మాట "పనికా?" అని.

"కాదమ్మా. చూడ్డానికి."

"చూసి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చూడ్డానికి పోవడమనేది మా ఇళ్ళల్లో లేని పని. తిరునాళ్ళకు పోయినా మావాళ్ళు డప్పు మెడకేసుకునే పోయారు గానీ ఉత్త చేతులతో పోలేదు.

నిరభ్యంతర పత్రం కోసం ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఫైలు చూసే గుమస్తా "అక్కడ మీ పిల్లలెవరన్నా చదువుతున్నారా?" అన్నాడు. నాకు ముప్పై నాలుగేళ్ళు, నా కూతురు మూడో తరగతి. లేదన్నాను. "మరి తీర్థయాత్రా?" కాదన్నాను. "మరెందుకమ్మా, సింహాచలం పోయిరాకూడదా" అన్నాడు. పక్క బల్ల ఆయన తలెత్తకుండానే "వాళ్ళకిప్పుడు ఇద్దరికీ ఉద్యోగాలే గదండీ" అన్నాడు. 'వాళ్ళు' అన్న మాటని అట్టా పలకడానికి ఆ ఆఫీసుల్లో ట్రైనింగేమన్నా ఇస్తారేమో.

హనోయే ఎందుకంటే, నేను సాంఘికశాస్త్రం చెబుతాను. 2014లో వచ్చిన పదో తరగతి పుస్తకంలో చైనా, వియత్నాం, నైజీరియా విముక్తి ఉద్యమాల పాఠం ఒకటి ఉండేది. 1945 సెప్టెంబరు 2న హనోయిలో బాదిన్ మైదానంలో హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడని ఏటా నల్లబల్ల మీద రాసేదాన్ని. రాసీ రాసీ ఆ ఊరు నాకు బంధువుల ఊరులాగా అయింది. మా ఆయనకైతే ఇదంతా అక్కర్లేదు. చీటీ ఎత్తిన డబ్బుకి సరిపోయే దేశం ఏదైనా సరే అన్నాడు.

మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఆయన మాల, నేను మాదిగ. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. మా పెళ్ళి అంబేద్కర్ ఫొటో ముందు దండలు మార్చుకుని చేసుకున్నాం. మా అన్నలు డప్పులు కాచుకుని సిద్ధంగా ఉంటే అత్తగారి వైపు పెద్దమనుషులు "డప్పయితే మేం రాం, బ్యాండు పెట్టండి" అన్నారు. ఊరు మమ్మల్నిద్దర్నీ కలిపి ఒకే పక్కకు నెట్టింది. నెట్టిన చోట మేం మళ్ళీ గీత గీసుకున్నాం. చివరికి బ్యాండే వచ్చింది. మా పెద్దన్న డప్పుని గోడకు తగిలించి, పెళ్ళన్నం తినకుండా పొలం పోయాడు. మా ఆయన ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత పదేళ్ళల్లో కూడా మా ఇద్దరి మధ్యా ఆ డప్పు సంగతి రాలేదు. రాలేదంటే మర్చిపోయామని కాదు.

ఒంగోలులో రెండు వీపు సంచులు కొన్నాం. ఏడు కిలోలు దాటితే విమానంలో మోయనియ్యరని ఆయన వాటిని మా వీధి కిరాణా కొట్టు కాటాలో తూయించుకొచ్చాడు. నా మొదటి పుస్తకాల సంచి మాయమ్మ యూరియా సంచి కత్తిరించి కుట్టింది. దానికి ఒకటే పట్టీ, భుజం కోసేది. మా ఇంటి ఆడవాళ్ళకు మోతంటే నెత్తి మీదే, ఒక చెయ్యెప్పుడూ పైకి పెట్టి పట్టుకోవాల్సిందే. వీపు మీద వేసుకుంటే రెండు చేతులూ ఖాళీ. హౌరా రైలెక్కి, కలకత్తాలో విమానమెక్కి, హనోయిలో దిగి 86 నంబరు బస్సులో పాతబస్తీకి చేరేదాకా ఆ చేతులేం చెయ్యాలో నాకు తోచలేదు. బస్సు దిగి రోడ్డు దాటేటప్పుడు ఒక పని దొరికింది.

ఆ రోడ్డు సంగతి చెప్పాలి. మోటారు సైకిళ్ళు. మన తిరునాళ్ళలో జనం ఎట్టా వస్తారో అట్టా మోటారు సైకిళ్ళు వస్తాయి, ఆగవు. మనం ఆగకూడదు, పరిగెత్తకూడదు. ఒకే నడకతో మెల్లగా పోతా ఉంటే అవే చీలి పోతాయి. ఇది తెలియక పావుగంట అంచున నించున్నాం. ఒక ముసలావిడ మా అవస్థ చూసి, మాట్లాడకుండా వచ్చి నా మోచెయ్యి పట్టుకుని అవతలి ఒడ్డుకు చేర్చి, మళ్ళీ వెనక్కి తన దోవన పోయింది. పేరూ ఊరూ తెలవకుండా చటుక్కున చెయ్యి పట్టుకుంది. రెండోసారి దాటేటప్పుడు నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నా. మా ఊరి వీధిలో పదేళ్ళల్లో ఎప్పుడూ పట్టుకోలేదు.

ఆయనకేమో ఊరికంటే ముందు కరెంటు స్తంభాలు కనపడ్డాయి. పాతబస్తీలో ఒక్కో స్తంభానికి పిచిక గూడులాగా వందల తీగలు చుట్టుకుని ఉంటాయి. "దీన్నెక్కేవాడు ఎవడోగానీ వాడికి దణ్ణం పెట్టాలి" అని నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. ఆ నాలుగురోజుల్లో ఆయన తీసిన ఫొటోల్లో సగం స్తంభాలే.

మేం దిగింది ఒక సందులో నాలుగంతస్తుల సన్నటి ఇల్లు. కింద ఇంటివాళ్ళు, పైన గదులు. మా మండల కేంద్రంలో ఇల్లు అద్దెకు అడిగితే మొదట "ఎంతమంది ఉంటారు" అంటారు, తర్వాత "సార్ ఎక్కడ పని" అంటారు, చివర్న గొంతు తగ్గించి "మీరేమిట్లు?" అంటారు. ఇక్కడ ఇంటివాళ్ళ అమ్మాయి పాసుపోర్టులు తీసుకుంది. కాలేజీలో చదువుతుంది, ఇంగ్లీషు వచ్చు. నా ఇంటిపేరు పలకబోయి నోరు తిరక్క నవ్వింది. ఆ ఇంటిపేరు చదివి ముఖం మార్చినవాళ్ళనే చూశాను ఇన్నాళ్ళూ. "మీ ఇంటిపేరేంది?" అన్నాను. న్గుయెన్ అంది. ఎదురింటివాళ్ళదీ అదేనంట. ఆ దేశంలో పదిమందిని నిలబెడితే ముగ్గురు నలుగురు న్గుయెన్‌లే. ఇంటిపేరు చూసి మనిషిని పసిగట్టే విద్య ఆ ఊళ్ళో చెల్లదు.

ఆ అమ్మాయే కాయితం మీద వీధుల పేర్లకు అర్థం రాసిచ్చింది. పాతబస్తీకి ముప్పై ఆరు వీధుల ఊరని పేరు. ఏ వీధిలో ఏ పనివాళ్ళు ఉండేవాళ్ళో ఆ వీధికి ఆ పేరు. హాంగ్ అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి. హాంగ్ ముయోయ్ ఉప్పు వీధి. లో రెన్ కమ్మరి కొలుముల వీధి, అక్కడ ఇప్పటికీ ఇనుము పని జరుగుతుంది. హాంగ్ థియెక్ తకరం వీధి, పొద్దుటినించీ రేకులు కొడుతూనే ఉంటారు. చదువుకుంటా పోతుంటే రెండు పేర్ల దగ్గర నా వేలు ఆగింది. హాంగ్ జా, తోళ్ళ వీధి. హాంగ్ చోంగ్, డప్పుల వీధి.

పనులకు వీధులుండటం మనకు కొత్త కాదు. మనకూ వీధులున్నాయి. కాకపోతే మన ఊళ్ళో తోళ్ళ వీధి ఊరి బయట, గాలి ఊళ్ళోకి కొట్టని వైపు చూసి పెట్టారు. మా తాత లందలో తోలు నానేసి, సున్నం పెట్టి, తంగేడు చెక్క వేసి పదును చేసేవాడు. ఊళ్ళో ప్రతి మోటబక్కెన తొండం ఆ చేతుల మీదగానే పోయింది. ఆ తోలులోంచి వచ్చిన నీళ్ళతో వరి పండింది. మనిషి మాత్రం బావి గట్టెక్కడానికి లేదు. ఇక్కడ తోళ్ళ వీధి వెతుక్కుంటా పోతే, ఊరికి బొడ్డులాంటి హోన్ కియెమ్ సరస్సుకి పది నిమిషాల నడక దూరంలో ఉంది. డప్పుల వీధయితే సరస్సు పక్కనే. వెండి వీధికీ తోళ్ళ వీధికీ మధ్య గోడ లేదు, పొలం లేదు, చెరువు కట్ట లేదు. ఇప్పుడు హాంగ్ జాలో పాతకాలం తోళ్ళ పని లేదు. పెద్ద మార్కెట్టు భవనం లేచింది. హాంగ్ చోంగ్‌లో హోటళ్ళు, బట్టల కొట్లు. పేర్లు మాత్రం గోడల మీద నీలం రేకుల మీద తెల్లక్షరాలతో అట్టాగే ఉన్నాయి. ఆ రేకు కింద నిలబడి ఫొటో తీయమంటే మా ఆయన ఏమీ అనకుండా తీశాడు. స్తంభం పడకుండా కూడా తీశాడు.

ఇక తిండి. ఫో అని ఒక పులుసు, బియ్యపు పిండి సేమ్యాలాంటి దాంట్లో పోసిస్తారు. ఎద్దు బొమికలు గంటలకొద్దీ ఉడకబెట్టి, కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిగడ్డ, అనాసపువ్వు, దాల్చినచెక్క వేస్తారు. పైన పల్చగా కోసిన గొడ్డుమాంసం. రోడ్డు పక్కన జానెడెత్తు ప్లాస్టిక్ పీటలు. ఆఫీసు చొక్కా వేసుకున్నాయన, వీధి ఊడ్చే పచ్చకోటు ఆవిడ, బడి సంచులతో పిల్లలు, మేము, మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతా కూర్చున్నాం. మొదటి గుక్కకే నాకు మా నాయనమ్మ బొమికల పులుసు గుర్తొచ్చింది. అనాసపువ్వు లేదు గానీ ఆ చిక్కదనం అదే. మా ఇంట్లో గొడ్డుమాంసం వండితే కిటికీలు మూసి, అగరబత్తి వెలిగించి వండుతాం, ఇంటి ఓనరు పైనుంటాడు గనక. స్టాఫ్ రూములో నా క్యారేజీలోకి తొంగిచూసే కళ్ళు నాకు తెలుసు. వంకాయ కూర తెచ్చిన రోజు కూడా చూస్తారు. ఆ పొద్దున హనోయి వీధిలో అందరి ఎదురుగా, వెల్తురులో, రెండు గిన్నెలు తిన్నాను. గిన్నె యాభైవేలు. భయపడక్కర్లేదు, డాంగులు. మన రూపాయికి 280 చిల్లర డాంగులొచ్చేవి. మా వంశంలో లక్షలు జేబులో పెట్టుకు తిరిగింది ఆ నాలుగురోజులే.

అంతా బాగుందని రాస్తే అబద్ధం. అదే వీధిలో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కావిళ్ళు మోస్తా తిరుగుతుంటారు, అటు బుట్ట ఇటు బుట్ట, పనసతొనలు, పువ్వులు. ఒకావిడ నా భుజం మీద కావిడి పెట్టి ఫొటో తీసుకోమంది, దానికి డబ్బు. నేను కావిడి కింద భుజం ఇచ్చి లేపాను, సరిగ్గా లేపాను. ఆమె ఆశ్చర్యపోయి నా అరచేతులు తిప్పి చూసింది. ఆమె అరచేతులు నావాటికంటే గట్టిగా ఉన్నాయి. డబ్బు వద్దంది, పనసతొనలు కొనుక్కోమంది. పీట మీద కూర్చుని తినడంలో అందరూ సమానమే, కావిడి మోయడంలో కాదు.

మూడోరోజు ఆదివారం. వారాంతాల్లో సరస్సు చుట్టూ బళ్ళు ఆపేస్తారు, జనం నడుస్తారు. మేం ఒక బెంచీ మీద కూర్చుని మా పిల్ల గురించి మాట్లాడుకుంటున్నాం. "అరే, తెలుగువాళ్ళా!" అని వెనకనుంచి గొంతు. పెద్ద కుటుంబం, టూరు బస్సులో వచ్చినవాళ్ళు. నిజంగా సంతోషమేసింది. మూడురోజులుగా మా ఇద్దరి తెలుగు తప్ప వినలేదు. పెద్దాయన పక్కన కూర్చున్నాడు. ఆయన భార్య సంచిలోంచి చెక్కల పొట్లం తీస్తా "ఇక్కడి తిండి మా నోటికి పోవట్లేదమ్మా, పాపం మీరేం తింటున్నారో" అంది. ఏ ఊరు అన్నారు, చెప్పాం. ఆ పక్క ఊళ్ళో వాళ్ళకు బంధువులున్నారంట. మేం ఏం చేస్తామో అడిగారు, చెప్పాం. ఇంటిపేరు అడిగారు. చెప్పాం. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది. పెద్దాయన కాసేపు నీళ్ళ వైపు చూసి, నవ్వుతానే, "అంటే మీరు... ఏమవుతారు?" అన్నాడు.

మా ఆయన "ఎస్సీలమండీ" అన్నాడు. ఆయన ఎప్పుడూ అట్టాగే అంటాడు, ఆఫీసు భాషలో. నాకెందుకో ఆ పూట అది చాలలేదు. "ఆయన మాల, నేను మాదిగ" అన్నాను.

"అయ్యో, దాందేముందమ్మా, ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటున్నారు" అన్నాడు పెద్దాయన వెంటనే. మర్యాదస్తుడే. ఆవిడ కూడా ముఖం మార్చుకోలేదు. పొట్లంలోంచి నాలుగు చెక్కలు తీసి కాయితం మీద పెట్టి, ఆ కాయితాన్ని మాకూ తనకూ మధ్య బెంచీ మీద పెట్టింది. అంతకు నిమిషం ముందు చాచిన చెయ్యి అది, నా ఒళ్ళో పెట్టబోయిన చెయ్యి. పట్టించుకోని వాళ్ళకు చేతులు అంత బాగా గుర్తుపెట్టుకుంటాయా?

నేను "గొడ్డుమాంసం తినొచ్చాం పిన్నిగారూ, కడుపు నిండా ఉంది" అన్నాను. వాళ్ళు బస్సుకి టైమయిందని లేచారు. చెక్కలు బెంచీ మీదే ఉన్నాయి. మా ఆయన చాలాసేపు వాటి వైపు చూసి "ఎస్సీలమంటే సరిపోయేది గదా" అన్నాడు. "నీకు సరిపోతది" అన్నాను. ఆ మాట మా ఇద్దరి మధ్యా పదేళ్ళుగా ఎక్కడుందో అక్కడినుంచే వచ్చింది. గదికి పోయేదాకా చేతులు పట్టుకోలేదు.

మర్నాడు పొద్దున ఆయనే "ఆ చదువుల గుడికి పోదాం పద" అన్నాడు. వాన్ మియెవ్. 1070లో కట్టారు. 1076లో దాని పక్కన రాచబడి పెట్టారు, ఆ దేశపు మొదటి విశ్వవిద్యాలయమని చెప్పుకుంటారు. లోపల రెండు వరసల్లో 82 రాతిపలకలు, ఒక్కోటీ ఒక్కో రాతి తాబేటి వీపు మీద. 1442 నుంచి 1779 దాకా పెద్ద పరీక్షల్లో నెగ్గినవాళ్ళ పేర్లు, 1300కు పైగా, వాళ్ళ సొంత ఊళ్ళతో సహా చెక్కారు. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. రాత చైనా లిపిలో ఉంది. ఇప్పుడు వాళ్ళ భాషకు రోమన్ అక్షరాలు వాడతారు గనక ఆ ఊళ్ళోవాళ్ళలోనూ చదవగలిగేవాళ్ళు తక్కువ. పరీక్షల ముందు పిల్లలు తాబేళ్ళ తలలు నిమిరేవాళ్ళంట. అరిగిపోతున్నాయని ఇప్పుడు కంచె వేశారు. మేం పోయిన రోజు పట్టాలు పుచ్చుకోబోయే ఆడపిల్లలు నల్ల గౌన్లు వేసుకుని గుంపులుగా ఫొటోలు దిగుతున్నారు. ఆ 82 రాళ్ళ మీద ఒక్క ఆడదాని పేరు లేదు.

నేను డిగ్రీ పాసైన రోజు మా నాయన మార్కుల లిస్టు పట్టుకుని పల్లె అంతా తిరిగాడు. చదవడం రాదు, అయినా ఒక చోట వేలు పెట్టి "ఇదిగో ఇది నా పేరు" అని చూపించేవాడు. ఆయన వేలు పెట్టిన చోట పరీక్ష కేంద్రం పేరుండేది. తండ్రి పేరు దానికి రెండు వరసల కింద.

సాయంత్రం ఇంటివాళ్ళ అమ్మాయితో ఆ రాళ్ళ సంగతి మాట్లాడుతుంటే, "మీ గదికి వెనక వీధి పేరు చూశారా? దావో జుయ్ తూ. ఆయన పేరు ఆ రాళ్ళ మీద లేదు" అంది. 1572లో పుట్టాడు. మహా పండితుడు. కానీ తండ్రి పాటలు పాడి ఆటలు ఆడేవాడు. పాటగాళ్ళ పిల్లలకు పరీక్ష రాసే హక్కు లేదు. పాడేవాళ్ళు ఏ లెక్కలోకీ రారని వాళ్ళకొక పాత మాటే ఉంది. ఈయన దక్షిణాదికి పోయి, కొన్నాళ్ళు గేదెలు కాసి, చివరికి అక్కడి ప్రభువులకు సలహాదారుడై, ఉత్తరాది సైన్యాలను ఆపడానికి పెద్ద కోటగోడ కట్టించాడు. దాన్ని పంతులుగారి గోడ అంటారు. పరీక్షకు రానియ్యని పాలకుల సైన్యాన్ని ఆ గోడ దాటనియ్యలేదన్న మాట. నేను పడిపడి నవ్వాను. ఆ అమ్మాయికి ఎందుకో అర్థం కాలేదు. అప్పుడు కులం గురించి చెప్పాల్సొచ్చింది. "ఉద్యోగం మారితే మారుతుందా? పెళ్ళి చేసుకుంటే? వేరే ఊరు పోతే?" అని వరసగా అడిగింది. అన్నిటికీ లేదు, లేదు అని చెబుతుంటే నాకే చిన్నతనమేసింది.

ఆమె కాసేపాగి తన అమ్మమ్మ సంగతి చెప్పింది. అమ్మమ్మ తండ్రి భూస్వామి. 1950ల భూసంస్కరణల తర్వాత ఆ పుట్టుక కాయితాల మీదకెక్కింది, అమ్మమ్మకి కాలేజీలో సీటు రాలేదు. ఇది విన్నాక నాకేమనాలో తోచలేదు. భూస్వామి బిడ్డ మీద జాలిపడే అలవాటు నాకు లేదు. పుట్టుక చూసి చదువు ఆపారంటే మాత్రం కడుపులో అదే చోట తగిలింది. ఈ రెండూ ఇప్పటికీ నాలో ఒకదాని పక్కన ఒకటి అట్టాగే ఉన్నాయి.

చివరిరోజు తకరం వీధి పక్కన, హాంగ్ నోన్‌లో, డప్పుల కొట్టు దొరికింది. డప్పంటే మన డప్పు కాదు. పనస చెక్కతో పీపాలాగా చేసి రెండు వైపులా గేదె తోలు బిగిస్తారు. మనిషెత్తువి, బిందెంతవి, పిల్లలాడుకునే పళ్ళెమంతవి. గడప తొక్కక ముందే వాసన పట్టింది. పచ్చితోలు ఎండి బిగుసుకున్న వాసన, మా చూరు కింది వాసన. కొట్టులో ముసలామె కూర్చునుంది. ఈ డోళ్ళు చేసే దోయ్ తామ్ అనే పల్లె గురించి చెప్పింది. పదో శతాబ్దంలో రాజు దుక్కి దున్నడానికొస్తే అన్నదమ్ములిద్దరు డోలు చేసి మోగించారంట. ఉరుములాగా మోగిందని వాళ్ళకు ఉరుము పండితులని పేరు. ఆ పల్లె ఇప్పటికీ వాళ్ళను మూలపురుషులుగా కొలుస్తుంది.

నేను ఫోన్లో తెలుగులో చెప్పి వాళ్ళ భాషలోకి మార్చి చూపించా: "మా నాయన కూడా డప్పు కొట్టేవాడు." ఆమె చదివి, ముఖం విప్పారి, తన ఫోన్లో ఏదో చెప్పి నా వైపు తిప్పింది. తెరమీద తెలుగక్షరాలు: "మీ నాన్నగారు పాఠశాల ప్రధానోపాధ్యాయులా?"

ఆ ప్రశ్నకు అక్కడ అర్థముంది. ఆ దేశంలో బడి గంట కొట్టరు, డోలు కొడతారు. రోజూ కొట్టేది కాపలా మనిషి. సెప్టెంబరు 5న, దేశమంతా బడులు తెరిచే రోజు మాత్రం ప్రధానోపాధ్యాయుడు కొడతాడు. దేశాధ్యక్షుడు కూడా ఏదో ఒక బడికి పోయి, కోటు వేసుకుని, కర్ర పట్టుకుని ఆ తోలు మీద కొడతాడు. డోలు మోగితేనే చదువు మొదలవుతుంది.

మా నాయన కూడా ఒకసారి బడి కోసం కొట్టాడు. 1990ల చివర్లో, పిల్లల్ని బడికి పంపమని ఊరంతా చాటింపు వెయ్యాలని హెడ్మాస్టరు పిలిపించాడు. నేనప్పుడు ఆ బడిలోనే మూడో తరగతి. హెడ్మాస్టరు వరండా మీద నిలబడి చెప్పాడు, మా నాయన మెట్లకింద ఎండలో నిలబడి విన్నాడు. రెండు రోజులు చుట్టుపక్కల మూడు ఊళ్ళు తిరిగి కొట్టాడు. చిర్ర విరిగితే చిటికెన పుల్లతోనే కొట్టాడు. ఆ ఏడు ఒకటో తరగతి గదిలో పిల్లలు పట్టలేదు. మా నాయన మాత్రం ఆ వరండా మెట్టు ఎక్కకుండానే 2016లో చచ్చిపోయాడు.

ఇదంతా ఫోనులో చెబితే ఎట్టా మారుతుందో తెలవదు. "కాదు, నేను టీచరుని" అని మాత్రం చెప్పా. ఆమె లేచి ఒక కర్ర నా చేతికిచ్చి, పెద్ద డోలు చూపించింది. కొట్టమంది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు డప్పు ముట్టరు, అదొక సంగతి. అన్నల్ని చూసి చేతికి పట్టుబడిన నడక ఒకటుంది, పెళ్ళి నడక. అది కొట్టా. వెనకనుంచి రెండో కర్ర పడింది. మా ఆయన. తాళం తెలవదు, అడ్డంగా కొడుతున్నాడు, అయినా ఆపలేదు. వీధిలోవాళ్ళు నిలబడి చూశారు. ఆపాక ఆయన పళ్ళెమంత డోలొకటి తీసుకుని ధర అడిగాడు. "మీ అమ్మ ఇంట్లోకి రానిస్తదా?" అన్నాను. "ఇల్లు నాది గూడా గదే" అన్నాడు.

సంచి ఏడు కిలోలు దాటుతుందని తన ప్యాంట్లు రెండు, చెప్పులు అక్కడే ఇంటివాళ్ళకిచ్చేశాడు. ఆ సాయంత్రం వీధి చివరి బడి వదిలారు. లోపలినుంచి డోలు మూడు దెబ్బలు వినపడింది. ఎర్ర మెడగుడ్డల పిల్లలు తురాయి చెట్ల కింద రాలిన పూలు తొక్కుకుంటా బయటికి ఉరికారు. తురాయిని అక్కడ బడిపిల్లల పువ్వు అంటారు, సెలవుల ముందు పూస్తుంది గనక. మా బడి ముందు కూడా రెండు చెట్లున్నాయి.

కలకత్తాలో తనిఖీ దగ్గర సంచి విప్పమన్నారు. "ఏంటిది?" అంటే "డప్పు" అన్నాడు మా ఆయన, తెలుగులోనే. ఆ కుర్రాడు వేలితో ఒకసారి మీటి పొమ్మన్నాడు.

మా అత్త పదిరోజులు దాన్ని అటక మీద పెట్టించింది. జూన్ 12న బడి తెరిచాక నేను ఆరో తరగతి గదికి తీసుకుపోయా. పిల్లలు వారానికే ఒక పక్క తోలు వదులు చేశారు. మా పెద్దన్నకి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వచ్చాడు. వరండాలో కూర్చుని, నాలుగు పుల్లలు కాల్చి, సెగకు తిప్పి తిప్పి పట్టి, వేళ్ళతో కొట్టి విని, "గేదె తోలు, మందం ఎక్కువ, వానాకాలం జాగ్రత్త" అని చెప్పి, నా క్యారేజీలో మిగిలిన అన్నం తిని పోయాడు.